ఎండబెట్టిన ఫ్రెంచి వైను, రామయ్యపట్నం వ్యాను

మా మేనత్త సత్యవతి జన్మలో చుక్క మందు ముట్టిన మనిషి కాదు. అలాంటి ఆవిడ ఫోన్ చేసి "అమ్మడూ, శనివారానికి బరంపురం ఒచ్చీ, వైను విందు సేస్తన్నాను" అంటే నమ్మడానికి కాస్త టైం పట్టింది. మావయ్య బతికున్న రోజుల్లో గోపాలపూర్ రేవుకొచ్చే ఓడలకు బియ్యం, ఉల్లిపాయలు సప్లయి చేసేవాడు. ఒక ఫ్రెంచి కెప్టెన్ అభిమానంగా ఇచ్చిన వైన్ సీసాలు ఆయన పోయాక కూడా ఇంట్లో మిగిలాయి. విశాఖలో ఒక పెద్ద హోటల్లో వైన్ వడ్డించడమే నా ఉద్యోగం. అత్త పంపిన ఫోటో చూసి అదిరిపోయాను. నేను పుట్టకముందటి, ఫ్రాన్సులో పేరుమోసిన బోర్డో వైన్లు, మూడు సీసాలు! ఐదువేల టికెట్ మీద నలభై మందిని పిలిచి, ఆ డబ్బుతో పాత వ్యాను ఒకటి కొని, సముద్రం ఒడ్డున ఉన్న రామయ్యపట్నం అనే జాలర్ల పల్లెకి అంబులెన్సుగా ఇవ్వాలన్నది అత్త పట్టుదల. ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఒకరోజు పర్మిట్ కూడా తీసేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషన్ బయట ఆటో అతను అత్త ఉండే లంజిపల్లికి నూటయాభై అన్నాడు, నాకొచ్చిన నాలుగు ఒడియా ముక్కలూ వాడితే వందకు దిగాడు. సీసాలేవీ అని అడిగితే "మేడమీద బద్రంగా ఉన్నాయే. పొద్దున్నే సేపలకెల్లాలి, పడుకో" అంది అత్త. మాది మాంసం, చేప ముట్టని వ్యాపారుల కొంప. అతిథులకు చేప మాత్రం విందు జరిగే ఫంక్షన్ హాలు పెరట్లో, చేపలమ్మే పోలమ్మ వండుతుంది.

పోలమ్మది రామయ్యపట్నం. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడ ఉండాలని తెల్లవారగానే బయల్దేరాను. రానూపోనూ ఆటోకి ఎనిమిది వందలు. చివరి భాగంలో రోడ్డు సన్నం, గోతులు. నడుం విరిగిందని నేను సణుగుతుంటే, కోనెం చేపలు బుట్టలోకి సర్దుతూ పోలమ్మ నవ్వింది.

"నీకు నడుమే గదమ్మా. పోయినేడు మా కోడలికి నొప్పులొస్తే ఇదే దారిన ఆటోలో ఎల్లినాం. దార్లోనే కానుపైపోనాది. పిల్ల దక్కనేదు." గుమ్మంలో కూర్చున్న కోడలివైపు చూపించింది. "ఇప్పుడు మళ్లీ ఏడో నెల. మీ అత్త సావుకారమ్మ బండి తెస్తానన్నాది."

తిరుగు దారిలో నేను నడుం గురించి మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మేడ ఎక్కాను. ఎర్రటి ఎండలో మిరపకాయలు, చింతపండు, ఆవకాయ జాడీలు, వాటి పక్కనే వరసగా నా మూడు బోర్డో సీసాలు! "మీ మావయ్య పోయిన కాణ్ణుంచీ ఏటా ఏసంగి అంతా ఎండబెడతన్నాను. బూజన్నది పట్టనిచ్చానేటి?" అంది అత్త గర్వంగా. చీకట్లో, చల్లగా దాచాల్సిన సరుకది. మూడూ తెరిచాను. మూడూ పుల్లటి కషాయాలే.

నాకు ఏడుపొచ్చింది. తరవాత బుద్ధి పాడుదారి పట్టింది. "అత్తా, వచ్చేవాళ్లలో దీని రుచి తెలిసినవాళ్లు ఎవరుంటారు? పాత వైను ఇలాగే ఉంటుందని చెప్పి పోసేద్దాం. వ్యాను ముఖ్యం కదా" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "సెడిపోయిన సరుకు మన కొట్లో కాటా ఎక్కలేదే ఎప్పుడూ. దర్మం పేరు సెప్పి ఎక్కిస్తానా?"

సాయంత్రం డాక్టర్లు, బ్యాంకు వాళ్లు, బట్టల వ్యాపారులు అంతా కూర్చున్నాక ఆవిడే లేచి నిలబడింది. "నాను తెలక ఎండబెట్టేసినాను. వైను సెడిపోనాది. ఎవరి డబ్బులు ఆళ్లకి వాపసు ఇచ్చేస్తాను, భోంచేసి ఎల్లండి" అంది. ఒకాయన లేచి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. అది ఆయన హక్కే, తప్పు పట్టను. కోనెం పులుసు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ పోలమ్మ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు లేచాడు మావయ్య తమ్ముడు. మందుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. "ఒదినా, ఆ కెప్టెనిచ్చిన దాంట్లో ఒకటి అన్నయ్య నాకిచ్చాడు. తాగేవోణ్ణి కాదు గదా, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఎనక్కి తోసేసినాను. పనికొస్తాదేటి?"

స్కూటరు మీద వెళ్లి తెచ్చాడు. బిరడా పొడిపొడి అయితే పల్చటి గుడ్డతో వడకట్టి, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. బతికే ఉంది! ఎండు రేగుపళ్ల వాసన, వానకు తడిసిన మట్టి వాసన.

కానీ ఒక్క సీసా, నలభై మంది. నేను లెక్కలు వేస్తుంటే అత్త గిన్నె, చెంచా అందుకుంది. జనం వరసకట్టి, ఎడమ చేతి మీద కుడి అరచెయ్యి గుంటగా పట్టారు. చెంచాడు చొప్పున పోసింది. సగం మంది జుర్రుకుని, అలవాటు చొప్పున తడిచెయ్యి తలకు రాసుకున్నారు. అద్దెకు తెచ్చిన నా గాజు గ్లాసులు బల్ల మీద బిక్కమొహం వేశాయి. ఇంకెవరూ డబ్బు అడగలేదు. వెనక్కి తీసుకున్నాయన కూడా చెంచాడు పుచ్చుకుని, నోట్లు మళ్లీ బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆఖరి చెంచా పోలమ్మకు. చప్పరించి మొహం చిట్లించింది. "ఇదేటి సావుకారమ్మా, దీనికా ఇంత గోల? పులుసులోకీ పనికిరాదు!" అని, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

వైన్ గురించి ఇన్నేళ్లుగా చాలా నేర్చుకున్నాననుకున్నాను. ఎంత పాతది, ఎక్కడిది, ఎంత ఖరీదు, ఇవే నాకు తెలిసిన సంగతులు. దాన్ని ఏ మాట చెప్పి పోస్తున్నామన్నది కూడా రుచిలో భాగమేనని బరంపురంలో తెలిసింది. అత్త ఆ మధ్యాహ్నం నా మాట విని ఉంటే నేను ఇవాళ ఇది రాసి ఉండేదాన్ని కాదు. అటువైపు వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: రామయ్యపట్నం రోడ్డు చివర్లో ఒక్క బండికే చోటు. ఎదురుగా తెల్ల వ్యాను హారన్ కొడుతూ వస్తే బండి పక్కకు దింపి దారివ్వండి. మొన్న మొదటిసారి అందులో వెళ్లింది పోలమ్మ కోడలే. తిరిగొచ్చేటప్పుడు ఒడిలో ఆడపిల్ల ఉంది.