పట్టపగలు ఇంటికి నడిపించిన సర్దార్

మా చిన్నోడికి పెండ్లి కుదిరింది. మొన్న మంగళవారం పొద్దున పిల్ల తండ్రి ఫోను చేసి సరేనన్నాడు. గంటలోపే కిలో బాలుషాలు కట్టించుకుని సర్దార్ సాబ్ ఇంటికి బయలుదేరాను. సందు మొదట్లోనే షామియానా వేస్తున్నారు, కుర్చీలు దించుతున్నారు. ఎవరింట్లోనో శుభకార్యం అనుకున్నాను. చూడండి, ఆ పొద్దు నా కండ్లకు పెండ్లి తప్ప ఇంకొకటి ఆనలేదు.

వాకిట్లో ఆయన కోడలు నా చేతిలో పొట్లం చూసింది.

"ఏం తెచ్చినవ్ కాకా?"

"మిఠాయి బిడ్డా. మా చిన్నోనికి పిల్లనిస్తమన్నరు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మామ పొద్దున లేచిన కాడి నుంచి నీ ఫోను వచ్చిందా అనే అడిగిండు. చాయ తాగి కుర్చీలనే ఒరిగిపోయిండు. నువ్వు తెచ్చిన మాట నువ్వే పోయి చెప్పు."

పోయాను. పడుకోబెట్టిన మనిషి చెవి దగ్గర వంగి, మెల్లగా, అయిన సంగతంతా చెప్పాను. సంతోషము, దుఃఖము రెండూ ఒకే నోట, ఒకే మాటలో రావడం నా డెబ్బై ఏండ్లలో అదే మొదలు.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. మన విశ్రాంత కార్మికుల పత్రికలో రాయమని సంఘం వాళ్ళు అడిగితే, సర్దార్ సాబ్ గురించి రాయడానికి నాకేం చదువు ఉందన్నాను. చూసింది చూసినట్టు రాయి అన్నారు. రాస్తున్నాను. కొంచెం ఎక్కువ పొగిడినట్టు అనిపిస్తే మన్నించండి. నిజానికి తక్కువే రాస్తున్నాను.

బొగ్గుబావిలో సర్దార్ అంటే ఏమిటో మనకు తెలుసు కానీ మన మనుమలకు తెలియదు. షిఫ్టు బావిలోకి దిగగానే అందరికంటే ముందు లోపలికి పోయే మనిషి సర్దార్. కుడి చేత్తో కర్ర పట్టి పైకప్పు మీద తడతాడు, ఎడమ అరచేయి అదే కప్పుకు ఆనించి అదురు చూస్తాడు. గట్టి కప్పు కంగుమంటుంది. విడిన కప్పు డప్పులాగా మోగుతుంది. ఆయన తట్టి, విని, "రాండ్రి" అంటేనే మేము తట్టా, చెమ్మస్ పార పట్టుకుని బొగ్గు నింపడానికి పోయేది. ఆ ఒక్క మాట నమ్మి ఏండ్లకేండ్లు ఆ కప్పు కింద వంగి పని చేశాను. ఆయన రమ్మన్న చోట నా మీద ఒక్క పెళ్ళ పడలేదు.

ఆయన రిటైరయ్యాక ఆ చెవిని ఇంకో పనికి పెట్టారని నాకు చాలా రోజులు తెలియదు. తెలిసిన పొద్దు నా ఇంటికే అవసరం పడి ఉంది.

దాచకుండా రాస్తాను. మా చిన్నోడు తాగిన మైకంలో పత్తాలాట దగ్గర మాటా మాటా పెరిగి ఒక మనిషిని ఇనుప రాడ్‌తో కొట్టాడు. ఆ మనిషి కుడి చేయి చెడిపోయింది, భుజం పైకి లేవదు. మావాడికి నాలుగేండ్లు శిక్ష పడింది. తప్పు మావాడిదే. పోలీసులను గానీ కోర్టును గానీ అనేది ఏమీ లేదు.

ఇక నా తప్పు. శిక్ష పడిన సాయంత్రం చుట్టాల్లో ఒకరు ఫోను చేసి "చిన్నోడేడి?" అన్నారు. నా నోట్లో నుంచి "మస్కట్ పోయిండు" అని వచ్చింది. మన దిక్కు ప్రతి వాడకట్టులో ఒకడు గల్ఫ్‌లో ఉంటాడు కదా. ఆ అబద్ధం చెప్పడానికి నేను కష్టపడాల్సిన పనే లేకపోయింది. కాలనీలో అందరికీ సంగతి తెలుసు. బయటి ఊళ్ళ చుట్టాలకు మాత్రం నాలుగేండ్లు మస్కట్ నడిపించాను. అక్కడి ఎండ చెప్పాను, గది చెప్పాను, సేటును కూడా పుట్టించాను. సేటు మంచోడే గానీ సెలవు ఇయ్యడు అని చెప్పేవాణ్ణి. కొన్ని రోజులకు ఆ లేని సేటు మీద నాకే కోపం వచ్చేది.

విడుదలకు వారం ఉందనగా సర్దార్ సాబ్ మా ఇంటికి వచ్చారు. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు.

"పిలగాన్ని ఎన్నింటికి తీస్కొస్తవ్ తమ్మీ?"

"పొద్దుగూకినంక అన్నా. ఆటోకు పరదా కట్టిస్త."

"పరదా ఎందుకు? పెండ్లిపిల్లనా?"

తలుపు వెనుక మా ఇంటామె నవ్వింది. నాలుగేండ్ల తరువాత నేను విన్న నవ్వు అది. ఆయన మాత్రం నవ్వలేదు.

"నా తమ్ముడు గిట్లనే జైలు నుంచి వచ్చిండు తమ్మీ. చీకటి పడ్డంక ఇంటికి రా అని నేనే కబురు పంపిన. స్టేషన్ల బెంచీ మీద కూసున్నడట. చీకటి పడే యాల్లకు ఏమనుకున్నడో ఏమో, ఇంకో రైలు ఎక్కిండు. గంతే. ఎటు పోయిండో ఇప్పటికీ ఎరుక లేదు." గ్లాసు నా వైపు జరిపి, "దాచి తెచ్చిన మనిషిని ఊరు దొంగ లెక్కనే చూస్తది. పగటీలి తీస్కరావాలె. నేనూ వస్త" అన్నారు.

తమ్ముడి మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇంత చెప్పినా నా బుద్ధి మారలేదు. విడుదల రోజు కరీంనగర్ జైలు గేటు ముందు నేనెలా నిలబడ్డానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. మంచిర్యాల బజారులో కొన్న ఇంత పెద్ద సూట్‌కేసు, అందులో రెండు రగ్గులు, నాలుగు సెంటు సీసాలు, తలనొప్పి మందు డబ్బాలు, బాదం పప్పు. నిజంగా గల్ఫ్ నుంచి వచ్చిన మా పక్కింటాయనను బతిమాలి, ఆయన పెట్టెకున్న విమానం చీటీ ఊడదీసి నా పెట్టె చెవికి కట్టాను. సర్దార్ సాబ్ దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏందే తమ్మీ, వాడు బయటికొస్తుంటే నువ్వు లోపలికి పోతున్నవా?"

గేటు దగ్గరున్న కానిస్టేబుల్ మొఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను చుట్టాల సంగతి చెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు, నీతి చెప్పలేదు. "చుట్టాలు నీ సంగతి. పిలగాడు మన సంగతి. పెట్టె నువ్వే మొయ్యి, వాని చేతికి మాత్రం ఇయ్యకు" అన్నారు.

మావాడు చిన్న సంచితో బయటికి వచ్చాడు. బస్సులో ముగ్గురం ఒకే సీటు. మంచిర్యాలలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం పన్నెండు. అక్కడి నుంచి మా ఇంటికి ఆటోలో అయిదు నిమిషాలు. ఆ రోజు నడిచి పోవడానికి రెండు గంటలు పట్టింది.

ముందు మంగలి దుకాణం. సర్దార్ సాబ్ వాణ్ణి రోడ్డు వైపు కుర్చీలోనే కూర్చోబెట్టారు. తరువాత చెప్పుల దుకాణం. తరువాత చాయ హోటలు, అది కూడా లోపల కాదు, బయటి బల్ల మీద. ప్రతిచోటా ఆయనది ఒకే మాట. "వీడు మన ఫలానాయన కొడుకు, జైలు నుంచి వచ్చిండు, పని చేస్తడు." దాచడం లేదు, గుసగుస లేదు. చెప్పుల దుకాణమాయన "ఎన్ని నంబరు?" అన్నాడు. అంతే. నేను పెట్టె మోసుకుంటూ వెనుక చెమటలు కక్కుతున్నాను. నాలుగేండ్లు నేను భయపడిన బజారు ఇదేనా అని నాకు విచిత్రమనిపించింది. ఒకరిద్దరు మొఖం చాటేశారు, లేదనను. సర్దార్ సాబ్ వాళ్ళకూ నమస్తే పెట్టారు.

ఇంటి దగ్గరికి వచ్చాం. తలుపు దగ్గరికి వేసి ఉంది. మావాడు గడప ముందు చేతులు కిందికి పెట్టుకుని నిలబడిపోయాడు. నేను తొందరపడి తీయబోతే సర్దార్ సాబ్ నా చేయి పట్టుకున్నారు.

"నువ్వు తియ్యకు. నాలుగేండ్లు వానికి తలుపు ఇంకొకడు తీసిండు. ఇగ వాడే తీసుకోవాలె."

ఎండలో ముగ్గురం నిలబడ్డాం. లోపల మా ఇంటామె నిలబడ్డది తలుపు సందులో నుంచి కనబడుతూనే ఉంది, ఆమె కూడా తీయలేదు. ఎంతసేపో చెప్పలేను. చివరికి మావాడు చెయ్యెత్తి తలుపు నెట్టాడు. బావిలో ఎప్పుడూ అందరికంటే ముందు పోయిన మనిషి, మా గడప దగ్గర మాత్రం అందరికంటే వెనుక నిలబడ్డారు. ఆ చేయి ఎప్పుడు లేస్తుందో ఆయనకెలా తెలుసు? ఏ బడిలో చెప్పారు ఆ చదువు?

మావాడొక్కడికే కాదు. జైలు నుంచి వచ్చి ఇంటికి పోలేనివాళ్ళ కోసం ఆయన పెరట్లో రేకుల షెడ్డు వేసి మూడు మంచాలు వేయించారు. రేషన్ కార్డులో కొట్టేసిన పేరు ఎట్లా ఎక్కించాలో, ఆధార్‌కు కొత్త ఫోను నంబరు ఎక్కడ కలపాలో, ఉచిత వకీలు ఏ రోజు కోర్టులో కూర్చుంటాడో ఆయనకు నోటికి వచ్చు. తాను చేయలేనిది ఎవరు చేయగలరో తెలిసి ఉండటమే ఆయన ఆస్తి. మంగలి, చెప్పులాయన, టిఫిన్ సెంటరు నడిపే అక్క, మోటర్ వైండింగ్ మేస్త్రి, వీళ్ళంతా ఆయన మనుషులే. ఎవరి మీదా పెద్ద బరువు పెట్టేవారు కాదు. "ఒక్కడు మొత్తం ఎత్తితే నడుము పోతది, పదిమంది తలా ఒక చెయ్యి వేస్తే ఎత్తినట్టే తెల్వదు" అనేవారు.

మావాణ్ణి ఆ వైండింగ్ మేస్త్రి దగ్గర పెట్టారు. కాలిపోయిన బోరు మోటర్లకు రాగితీగ చుట్టే పని. మొదటి నెల వాడు చుట్టింది చుట్టినట్టు మళ్ళీ విప్పాల్సి వచ్చింది. "ఫికర్ చెయ్యకు కొడుకా, తీగ తొందరపడేటోని మాట వినది" అని సర్దార్ సాబ్ వాని పక్కన స్టూలేసుకుని కూర్చునేవారు.

నన్ను ఎక్కడ కలిసినా ఒకటే అడిగేవారు.

"చుట్టాలకు చెప్పినవా?"

"ఇంకా చెప్పలే అన్నా."

"మంచిది."

ఆ మంచిది అన్న మాటలో తిట్టు ఉందేమోనని ఎంత వెతికినా నాకు దొరకలేదు.

దెబ్బ తిన్న మనిషి ఇంటికి మావాణ్ణి తీసుకుపోయి కాళ్ళు పట్టించాలని నేను ఆరాటపడ్డాను. ఆయన ఆపారు. "నువ్వు పట్టిస్తే అవి నీ చేతులైతయి. వానికి బుద్ధి పుట్టనీ." ఏడాది దాటాక ఒకనాడు మావాడు ఒక్కడే పోయాడు. ఆ మనిషి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. "మోటరు కాలింది, చూస్తవా?" అన్నాడట. మావాడు అక్కడే కూర్చుని విప్పాడు. మూడు పూటలు పోయి బాగు చేశాడు. క్షమించానని ఆయన ఇప్పటికీ అనలేదు. అనమని మేమూ అడగలేదు.

ఇప్పుడు పెండ్లి మాట. పిల్ల ఆ వైండింగ్ మేస్త్రి చెల్లెలి బిడ్డ. పిల్ల తండ్రి సేద్యగాడు, జాగ్రత్త గల మనిషి. పోయిన వారం సర్దార్ సాబ్ దగ్గరికి వచ్చి, "పిలగాడు ఎట్లాంటోడు? మీరు చెప్తే ఇస్త" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సర్దార్ సాబ్ ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆయన చెప్పలేదు.

"నన్ను అడుగకు. నేను వానికి కావలసినోణ్ణి. దెబ్బ తిన్నోణ్ణి అడుగు."

బయటికి వచ్చాక "ఇట్ల చేసినవేందన్నా, అయ్యే సంబంధం" అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేసి, "పగిలిన కాడనే తట్టి చూడాలె, ఆడ గట్టిగ ఉంటేనే పిల్ల భద్రం తమ్మీ" అన్నారు.

పిల్ల తండ్రి పోయి అడిగాడు. ఆ మనిషి చెప్పింది తరువాత మాకు తెలిసింది. "నా చెయ్యి లేవది. వాణ్ణి చూస్తే ఇప్పటికీ నొప్పి యాదికొస్తది. కానీ నా మోటరు వానికి తప్ప ఇంకొకనికి ఇయ్య. నా బిడ్డకు ఈడు లేదు, ఉంటే ఆలోచిద్దును." ఆ మాట మీదనే మంగళవారం ఫోను వచ్చింది.

మరునాడు సర్దార్ సాబ్‌ను గోదావరికి తీసుకుపోయాం. పాడెకు భుజం పట్టడానికి వరుస కట్టినవాళ్ళలో సగం మంది నాకు తెలియదు. ఎవరిని చూసినా "నన్నూ ఆయనే ఇంటికి తెచ్చిండు" అన్నట్టు తల ఊపారు. చివరి మలుపు దగ్గర ముందు కొమ్ము పట్టిన మనిషిని చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. కుడి చేయి వేలాడుతోంది. ఎడమ భుజం ఇచ్చాడు. ఆయన వెనుక కొమ్ము మావాడు పట్టాడు. ఇద్దరి అడుగూ కలిసింది.

నీళ్ళ దగ్గర పిల్ల తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. "బావా, ఒక్క ముచ్చట. కట్నం కాదు, కానుక కాదు. మా పిల్ల మస్కట్ కథ మొయ్యది. మీ చుట్టాలందరికీ ఉన్నదున్నట్టు చెప్పి పెండ్లికి పిలువు. చెప్పకుంటే ఈడికే ఆపుదం."

సరేనన్నాను. సర్దార్ సాబ్ అడిగినన్ని రోజులు ఇంకా లే అన్నవాణ్ణి, ఆయన పోయాక సరేనన్నాను. ఈ పత్రిక అచ్చయి వాళ్ళ చేతికి పోయేలోపు నేనే ఇంటింటికీ పోయి చెప్పాలి. ఎవరెవరికి చెప్పాలో ఇక్కడే రాసుకుంటున్నాను.

హుస్నాబాద్‌లో మా చెల్లెకు. మస్కట్ రగ్గు ఒకటి మెత్తగా ఉందని పొంగిపోయింది, అది మంచిర్యాలదని చెప్పాలి.

వేములవాడలో మా బావమరిదికి. పిల్లగాడు ఎడారి నుంచి క్షేమంగా రావాలని రాజన్నకు కోడెను కట్టాడు. మొక్కు వృథా పోలేదని కూడా చెప్పాలి.

కరీంనగర్‌లో మా చిన్నాయన కొడుక్కు. జైలుకు రెండు సందుల అవతలే అతని ఇల్లు. ములాఖాత్‌కు పోయిన ప్రతిసారీ ఆ ఇంటి ముందు తల వంచుకుని నడిచాను.

ఆదిలాబాద్‌లో మా పెద్దబిడ్డ అత్తగారికి. సేటు జీతం పెంచాడా అని అప్పట్లో పండుగ పండుగకూ అడిగేది. సేటు లేడని చెప్పాలి.

అందరికంటే ముందు మా మేనత్తకు. తొంభై ఏండ్లు దాటాయి, రెండు చెవులూ వినబడవు. ఆమెకు మెల్లగా చెప్పడం కుదరదు. వాకిట్లో నిలబడి, వాడకట్టంతా వినబడేటట్టు గట్టిగా చెప్పాలి.