వెలగని డబ్బా

మా టైపు ఇన్‌స్టిట్యూట్ యజమాని తనను ప్రిన్సిపాల్ అని పిలిపించుకునేవాడు. ఆయనకు టైపు రాదు. తన పేరు కొట్టుకోవాలన్నా ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కునేవాడు. అయినా బయట బోర్డు మీద ఆయన పేరు మూరెడు అక్షరాల్లో ఉండేది. పదకొండేళ్లుగా అక్కడ లోయరూ హయ్యరూ చెబుతున్న నా పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఆయన పక్కన కనిపించడం నాకే నామోషీ అని సర్దిచెప్పుకునేదాన్ని గానీ, మెట్లెక్కేటప్పుడు ఆ బోర్డు వంక చూడకుండా మాత్రం ఉండలేకపోయేదాన్ని.

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద కింద అల్లం గోదాం, పైన మేము. లారీ పోయినప్పుడల్లా పన్నెండు మిషన్లూ ఒకేసారి వణికేవి. న్యాల్‌కల్, మొగుడంపల్లి పిల్లలు పొద్దున్నే బస్సు దిగి వచ్చి, ఆ అల్లం వాసనలో ఏ ఎస్ డి ఎఫ్ కొట్టి, మళ్లీ బస్సెక్కేవారు.

ఎనభైల చివర్లో ప్రిన్సిపాల్ హైదరాబాద్ పోయి ఒక కంప్యూటర్ తెచ్చాడు. దానికోసం వెనక గది ఖాళీ చేయించాడు. కిటికీలకు పరదాలు కట్టించి, కింద ఎర్ర జంపఖానా పరిపించి, చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నాడు. వాళ్లింట్లో దేవుడి గదికి కూడా అంత మడి లేదు. డబ్బాను నడపడానికి తన బామ్మర్దిని పిలిపించాడు. అతను నగరంలో మూడు నెలల కోర్సు చేశాడట. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది మెడలో టై కట్టుకోవడం ఒక్కటేనని నాకు మొదటి రోజే తెలిసిపోయింది.

వచ్చే ఏడాది టైపు మిషన్లన్నీ అమ్మేసి కంప్యూటర్లే పెడతానని ప్రిన్సిపాల్ అందరి ముందూ చెప్పాడు. మిషన్లు పోతే నేనూ పోవాల్సిందే. ఆ పని తప్ప నాకు వేరే ఆధారం లేదు. అభిమానం చంపుకుని, క్లాసులకు ముందు రోజూ ఒక గంట వచ్చి కూర్చుంటాను, నాకూ నేర్పించండని అడిగాను.

"నీకు గిది సమజ్ కాదు టీచరమ్మా. నీ టైపు నువ్వు చెప్పుకో" అన్నాడు. బామ్మర్ది టై సవరించుకుంటూ నవ్వాడు. కీల వంక చూడకుండా ఒక్క మాట కొట్టలేని ఇద్దరు మనుషులు నాకు అర్థం కాదని తీర్పు చెప్పారు.

దసరా ముందునాడు ఆయుధపూజ. మా ఊళ్లో ఆ రోజు ట్రాక్టరుకూ తక్కెడకూ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టనివాళ్లు ఉండరు. మా మిషన్లకు ఏటా నేనే బొట్లు పెట్టి, పసుపుకొమ్ము కట్టిన దారాన్ని కంకణంగా కట్టేదాన్ని. అది దానంతట అదే తెగిపోవాలి గానీ ఎవరూ విప్పకూడదని ప్రిన్సిపాల్ పట్టు. ఆ ఏడు కంప్యూటర్‌కు కూడా కట్టమన్నాడు. నేర్చుకోవడానికి పనికిరాని చెయ్యి కంకణం కట్టడానికి పనికొచ్చింది. టైపు మిషనుకైతే పక్కన పిడి ఉంటుంది. ఈ డబ్బా అన్ని వైపులా నున్నగా ఉంది, దారం నిలిచే చోటే లేదు. వెనక్కి పోయి చూస్తే డబ్బాలోకి గుచ్చిన లావుపాటి కరెంటు వైరు కనిపించింది. దాని మూతి ఊడదీసి, చుట్టూ మూడు చుట్లు చుట్టి ముడివేసి, మళ్లీ లోపలికి నెట్టాను. దారం కొసను డబ్బా మీదుగా ముందుకు వేస్తే పసుపుకొమ్ము అందంగా వేలాడింది. ప్రిన్సిపాల్ కొబ్బరికాయ కొట్టాడు.

పండుగ వెళ్లాక తలుపులు తీసి స్విచ్ నొక్కితే డబ్బా వెలగలేదు.

బామ్మర్ది పొద్దంతా టక్ టక్‌మని నొక్కాడు. గోడ ప్లగ్గులో టెస్టర్ పెడితే వెలిగింది, స్టెబిలైజర్ ఎర్రబల్బూ వెలుగుతోంది. ఇక దోషం కింద గోదాందేనని తేల్చాడు. అల్లం తేమ పైకెక్కి డబ్బాలో దిగిందట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రెండు రోజులు డబ్బాకు ఎదురుగా టేబుల్ ఫ్యాను తిప్పాడు. పక్క గదిలో పిల్లలు చెమటతో టైపు కొట్టారు. బస్టాండు దగ్గరి రేడియో మెకానిక్‌ను పిలిస్తే, అతను గుమ్మంలోనే నిలబడి ఇది తన పని కాదని చెప్పి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లలో బుద్ధి ఉన్నవాడు అతనొక్కడే. తర్వాత ప్రిన్సిపాల్ దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పాడు, సాంబ్రాణి పొగ వేశాడు. నాకు ఎంత హాయిగా ఉండేదో దాచడం ఎందుకు, ఇంటికి పోయి అన్నం తింటూ కూడా నవ్వుకునేదాన్ని.

పదో రోజు ఇద్దరూ కిందికి పోయి గోదాం సేటు ఫోన్‌లోంచి, కంప్యూటర్ అమ్మిన హైదరాబాద్ కంపెనీ ఇంజనీరుతో మాట్లాడారు. పైకొచ్చాక బామ్మర్దికి ఒకటే కోపం. డబ్బా వెనక వైరు సరిగ్గా పెట్టారా అని అడిగాడట ఆ ఇంజనీరు. కోర్సు చేసిన మనిషిని అడిగే మాటేనా అని మండిపడ్డాడు. ఆ మాట విన్నాక నా నవ్వు ఆగిపోయింది. ఆ మూతి ఊడదీసి పెట్టింది నేను.

ఇద్దరూ చాయ్ తాగడానికి కిందికి దిగగానే లోపలికి పోయాను, చెప్పులతోనే. మూతి ఊడదీసి, దారం విప్పి వైరును నెడితే మరో అరవేలు లోపలికి దిగింది. స్విచ్ నొక్కాను. లోపలేదో గిర్రున తిరిగింది, నల్లటి అద్దం మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. చేతులు కీల మీద పెడితే వేళ్లు వాటి చోట్లు అవే వెతుక్కున్నాయి. నా పేరు కొట్టాను. అద్దం మీద నా పేరు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. ఇంక నన్ను కాదనలేరనుకున్నాను.

వాళ్లు వచ్చారు. "నడిచింది సార్. ఎన్క వైరు సరిగ్గ కూసోలే" అన్నాను. దారం అడ్డం పడిందని కూడా చెప్పబోయాను. ప్రిన్సిపాల్ అద్దం వంక చూడనే లేదు, నా చేతిలోని పసుపుకొమ్మును చూస్తున్నాడు.

"కంకణం ఎవరిప్పమన్నరు నిన్ను?"

బామ్మర్ది ఈలోగా కుర్చీలో కూర్చున్నాడు. తేమ ఆరితే అదే నడుస్తుందని తాను ముందే చెప్పానని బావకు గుర్తుచేసి, పద్ధతి ప్రకారం మొదటి నుంచి మొదలుపెట్టాలంటూ స్విచ్ ఆపేశాడు. నా పేరు పోయింది.

"చెప్పులతోని లోపటికొస్తివి, కంకణం ఇప్పితివి. గందుకే నీకు వద్దన్న" అన్నాడు ప్రిన్సిపాల్. "మల్ల కట్టు. ముందుగాల ఎట్లుండెనో గట్లనే కట్టు. పొద్దుగాల మంచి గడియ చూసి షురూ చేద్దం."

వెనక్కి పోయాను. మూతి ఊడదీశాను. మొదటిసారి తెలియక మూడు చుట్లు చుట్టాను. ఈసారి తెలిసి ఐదు చుట్టాను. ముడి వేసి, మళ్లీ లోపలికి నెట్టి, పసుపుకొమ్మును ముందుకు వేలాడదీశాను. ప్రిన్సిపాల్ దానికి దండం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున వెనక గదిలో కర్పూరం వాసన వచ్చింది. గంట మోగింది. తర్వాత టక్‌మని ఒకసారి వినిపించింది. కాసేపటికి మళ్లీ టక్, టక్. మా పిల్లలు ఆ తలుపు వైపు తల తిప్పారు.

"చేతులు పెట్టుండ్రి. అటు చూడకుండ్రి" అన్నాను. పన్నెండు మిషన్లూ ఏ ఎస్ డి ఎఫ్ మొదలుపెట్టాయి.