చెప్పులను నమ్మి భోజనానికి వెళ్తే

ఇప్పుడు చెప్పబోయే నా ఘనకార్యం చదివాక మీరు నన్ను మీ ఇంటి శుభకార్యాలకు పిలవడం మానేయవచ్చు. మానేసినా లాభం లేదు. పిలవకపోయినా వచ్చి, కడుపునిండా తిని, వడ్డించేవాళ్లను కోప్పడి వెళ్లగల మనిషినని మీకే తెలుస్తుంది.

ముందు నా శాస్త్రం గురించి చెప్పాలి. అప్పటికి నాకు చదువు రాదు. హోటళ్ల బోర్డులన్నీ నాకు రంగులే. ఎర్ర బోర్డు హోటలు, పచ్చ బోర్డు హోటలు, కోడిపుంజు బొమ్మ హోటలు. అయినా సరే, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఎక్కడ ఏది బాగుంటుందో మా గల్లీలో అందరూ నన్నే అడిగేవారు. ఎందుకంటే నేను చెప్పులు చదివేదాన్ని.

నవ్వకండి. తొంభైలలో మా అశోక్‌నగర్ గల్లీల నిండా సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవారు. వాళ్లకోసం ఇళ్లలోనే మెస్సులు నడిచేవి. బోర్డు ఉండదు, గల్లాపెట్టె ఉండదు. ముందు గదిలో చాపలు పరిచి వడ్డించేవారు. చెప్పులు మాత్రం బయటే విడవాలి. ఆ చెప్పులే నాకు బోర్డు. పలచగా ఉంటే లోపల నీళ్ల పప్పు. ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. ఒకటి ఒకవైపు, దాని జోడు ఒకవైపు విసిరేసినట్టు పడి ఉన్నాయా, ఇక ఆలోచించే పని లేదు, పొయ్యి మీంచి వేడివేడిగా ఏదో దిగుతోందని అర్థం. ఈ శాస్త్రం నన్ను ఒక్కనాడూ మోసం చేయలేదు. ఆ ఒక్క ఆదివారం తప్ప.

అంత శాస్త్రం తెలిసినదానికి సొంత మెస్సు పెట్టాలనిపించదా? నాకు రాత్రీ పగలూ అదే కల. మా ముందు రెండు గదులు ఖాళీగా ఉండేవి. ఎదురు హాస్టల్ పిల్లలు మా వంటింటి వాసనకు కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, నువ్వే మాకు వండిపెట్టరాదు?" అనేవారు. మా ఆయన బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. అడిగితే, "అక్క ఊ అంటే నాదేముంది?" అన్నాడు.

చిక్కంతా ఆ అక్కతోనే. మా పెద్దాడబిడ్డ, శకుంతల వదిన. ఉండేది జనగామలో. మా ఆయన చిన్నప్పుడే అత్తగారు పోతే తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఆమె మాట కాదని మా ఇంట్లో కొళాయి కూడా నీళ్లు వదలదు. అప్పుడు నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మెల్లగా మెస్సు మాట ఎత్తాను.

"అన్నం అమ్ముకుంటవానే?" అంది వదిన. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆమె చాయ్ కింద పెట్టిందంటే మామూలు కోపం కాదు.

"అమ్ముడు కాదు వదినా, అందరు..."

"అందరి సంగతి నాకెందుకే? ఆకలైనోనికి అన్నం పెడ్తరు. అమ్మరు. గిది నేను పెరిగిన ఇల్లు. ఈ ఇంట్ల అన్నానికి ధర కడ్తవా?"

నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. "ఒక్కసారి నాతోని మెస్సుకు రా వదినా. కూసోని తిను. అమ్మినట్టు ఉన్నదో పెట్టినట్టు ఉన్నదో నువ్వే చెప్పు."

వదిన చాయ్ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సరే. పెట్టినట్టు అనిపిస్తే నీ మెస్సు పెట్టుకో. అమ్మినట్టు అనిపించిందా, మళ్లీ ఈ మాట నా ముందల తియ్యొద్దు."

అలా నా బతుకంతా ఒక పూట భోజనం మీద నిలబడింది. మరునాడు ఆదివారం. నాకు బాగా నమ్మకమైన మెస్సు ఒకటుంది, ఆ అమ్మ చేతి వంకాయ కూర తింటే కోర్టులో కొట్లాడుకునే అన్నదమ్ములు కూడా రాజీ పడతారు. వదినను అక్కడికే తీసుకెళ్లాను. తలుపుకు ఇంత తాళం. పక్కింటామె బట్టలు ఆరేస్తూ, "వాళ్లు ఊరికి పోయిన్రు కదా, బుధవారం దాక రారు" అంది.

"ఇదేనా నీ మెస్సు?" అంది వదిన. "తాళం మంచిగుంది."

సరేనని చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లాను. ఫ్యామిలీ రూమని చెప్పి ఒక చెక్క గదిలో కూర్చోబెట్టి పరదా లాగారు. వదిన ఆ పరదాను పాములా చూసింది.

"ఇదెందుకే?"

"ఆడోళ్లు తింటుంటే ఎవ్వరు చూడకుండ, వదినా."

"ఎవ్వరు చూడకుండ తినుడేంది? అన్నమేమన్న దొంగసొమ్మా? లే."

ఆటో ఎక్కి నారాయణగూడ చౌరస్తా. అక్కడ కొత్తగా వచ్చిన హోటల్లో అందరూ ఎత్తు బల్లల దగ్గర నిలబడి గబగబా తింటున్నారు. నాకైతే ఎంత చూసినా తనివి తీరేది కాదు. ఇడ్లీ పొగలు, అద్దాల్లాంటి గోడలు, సినిమాహాలు వదిలినట్టు జనం! వదిన మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిలవడి తింటున్నరు."

"జల్ది తిని పోతరు వదినా. ఆఫీసులు, కాలేజీలు..."

"గొడ్లు నిలవడి తింటయే. మనుషులు కూసుంటరు. ఇగ చాలు. ఇంటికి పోదాం పా. నేనే చారు పెడ్త."

ఆ చారు గిన్నెలో నా మెస్సు మునిగిపోవడం నాకు కళ్లకు కట్టింది. ఎండ మాడుస్తోంది, ఆకలి తొలుస్తోంది. అశోక్‌నగర్‌కు తిరిగొచ్చి, మా ఇంటికి అడ్డదారని ఒక సందులోకి మళ్లాం. అప్పుడు కనపడ్డాయి.

చెప్పులు! అబ్బో, ఎన్ని చెప్పులు! నా జన్మలో ఏ మెస్సు ముందూ అన్ని చూడలేదు. గుమ్మం నిండి, మెట్లు నిండి, గేటు దాటి, గల్లీలోకి పొంగిపొర్లాయి. మడమల చెప్పులు, జరీ చెప్పులు, చంటిపిల్లల కూత చెప్పులు. ఒక్కటీ జతగా లేదు. లోపల్నుంచి నెయ్యి వాసన. ఇంత మెస్సు మా ఇంటి వెనకే ఉండి నాకు తెలియకపోవడమేమిటి?

తెలివి ఉన్న మనిషైతే అక్కడ ఆగాలి. హాస్టల్ పిల్లలు మడమల చెప్పులు వేసుకోరు కదా అని ఆలోచించాలి. గుమ్మానికి మామిడి తోరణం ఎందుకుందో ఆలోచించాలి. నేనూ ఆలోచించాను. "చూసినవా వదినా, ఆడోళ్లు గూడ వస్తున్నరు. ఆదివారం స్పెషల్ కావచ్చు, తోరణం గూడ కట్టిన్రు" అన్నాను.

లోపలికి అడుగు పెట్టామో లేదో, పెద్దంచు పట్టుచీర కట్టిన ఒకామె ఎదురొచ్చింది. "రండ్రి రండ్రి అక్కా, గింత లేటా? కాళ్లు కడుక్కోండ్రి. బంతి లేస్తున్నది, జల్ది కూసోండ్రి!"

నేను వదిన వైపు గర్వంగా చూశాను. ఏ హోటలువాడు మీ కాళ్ల గురించి అడిగాడు?

చాపల మీద వరసగా ఆకులు వేశారు. మొదట పులిహోర పడింది. తర్వాత గారె. తర్వాత పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు, పరమాన్నం. నేను చూస్తూ ఉండిపోయాను. ఆకు మీద చోటు చాలక పదార్థాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చివరికి అరచేయంత బక్షం, అదే బొబ్బట్టు, వేసి, దాని మీద గిన్నెతో నెయ్యి కుమ్మరించారు. చెంచాతో కాదండీ, గిన్నెతో! ఈ ధరకు వీళ్లకెలా గిట్టుబాటవుతుందో నాకు అంతుబట్టలేదు. ధర ఎంతో నాకు తెలియదనుకోండి, అయినా గిట్టదు.

రేపు నేను పెట్టబోయే మెస్సుకు పనికొస్తుందని పక్కనున్న ముసలమ్మను వాకబు చేశాను. "అమ్మా, ఇక్కడ రోజు వచ్చి తినేటోళ్లు ఎంతమంది?"

"రోజా?" ఆమె నమలడం ఆపింది. "రోజొచ్చి తినేది ఈ ఇంటామె మరుదులే బిడ్డా. ఇద్దరు."

"నెల కాంగనే పైసలు సక్కగ కడ్తరా?"

"వాళ్లా? పెండ్లాలకే ఇయ్యరు, ఈమెకేమిస్తరు?"

అప్పు పెట్టే ఉద్దెర గిరాకీ ఏ వ్యాపారంలో ఉండదు! నేను తల ఊపాను. అంతలో నా ఆకులో పచ్చిపులుసు అయిపోయింది. మంచి మెస్సైనా గిరాకీగా వచ్చినవాళ్లు గట్టిగా ఉండాలని, బకెట్ పట్టుకుని తిరుగుతున్న తెల్ల లాల్చీ పెద్దమనిషిని చేయెత్తి పిలిచాను.

"అన్నా! పచ్చిపులుసు అడిగి ఎంతసేపాయె? గిరాకినిట్ల కూసోవెడితే రేపు ఎవరొస్తరు?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "తప్పైంది చెల్లే, తెస్తున్న" అని పరుగెత్తాడు. ఆయన ఆ ఇంటి యజమాని అనీ, ఆఫీసులో ఆయన గంట కొడితే నలుగురు లేచి నిలబడతారనీ నాకు ఆ తర్వాత తెలిసింది.

వదిన మాత్రం తల వంచుకుని తింటోంది. రెండోసారి బక్షం వేయించుకుంది. మూడోసారి "వద్దు వద్దు" అంటూనే చేయి అడ్డం పెట్టలేదు. గెలిచాను!

చేతులు కడుక్కోవడానికి వదిన పెరట్లోకి వెళ్లింది. పట్టుచీరామె నాకు బొట్టు పెట్టి, పసుపు, తాంబూలం, పచ్చటి జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. తిన్నందుకు జాకెట్ ముక్క ఇచ్చే మెస్సు ఈ భూమ్మీద ఇంకెక్కడుంది? కొంగు ముడి విప్పి నోట్లు తీశాను.

"ఎంతైందక్కా?"

"ఏందెంత?"

"మా ఇద్దరి బోజనం. జాకెట్ ముక్కది గూడ కలిపి చెప్పు, ఊకె తీసుకుంటే బాగుండదు."

హాలంతా ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. చంటిపిల్ల కూడా ఏడుపు ఆపి నన్ను చూసింది. పట్టుచీరామె మెల్లగా అడిగింది, "అక్కా, మీరు మా వియ్యపురాలి దిక్కోళ్లు కాదా?"

వెనక నుంచి ఇంకో పట్టుచీర ముందుకొచ్చింది. "నా దిక్కా? నేను మీ దిక్కనుకున్న!"

అప్పుడు గది మూలకు చూశాను. పీట మీద కొత్త చీరలో ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒడి నిండా పసుపు కలిపిన బియ్యం, అందులో ఎండుకొబ్బరి కుడుకలు. ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం. నాకూ పోశారు కదా! ఆ పసుపు బియ్యం పక్కనుంచే నడిచి వెళ్లి, ఆ ఇంటాయన్నే పచ్చిపులుసుకు పరుగెత్తించిన మహాతల్లిని నేను.

"మెస్సనుకున్న" అన్నాను. గొంతు నాది కాదు, చీమది. "బయట చెప్పులు చూసి..."

ముందుగా నవ్వింది లాల్చీ ఆయన. బకెట్ కింద పెట్టి మరీ నవ్వాడు. ఇక ఇల్లంతా ఘొల్లుమంది. ఒడిలో బియ్యం ఒలుకుతాయని భయపడుతూ ఆ పీట మీద పిల్ల కూడా నవ్వింది. పట్టుచీరామె నా నోట్లు మళ్లీ నా కొంగుకే ముడేసింది. "ఒడిబియ్యం నాడు నడిచొచ్చిన ముత్తైదువలు మీరు. పిలిస్తే వచ్చేటోళ్లకంటె ఎక్కువ" అని, ఒక డబ్బా నిండా బక్షాలు పెట్టిచ్చింది. పిలవని దాన్ని, కోప్పడిన దాన్ని, మీదనుంచి ధర అడిగిన దాన్ని. నాకు డబ్బా! ఇప్పటికీ ఆ సందులోంచి వెళ్తే ఆ గుమ్మం వైపు చూసి మనసులోనే దండం పెట్టుకుంటాను.

పెరట్లోంచి వదిన వచ్చేసరికి నేను గేటు బయట ఉన్నాను. ఏమీ వినలేదన్న ధైర్యంతో మొహం తుడుచుకున్నాను.

దారిలో వదిన నెమ్మదిగా అంది, "మెస్సంటే గిట్లనే ఉంటదా?"

"గిట్లనే వదినా" అన్నాను, గొంతులో బక్షం అడ్డం పడినా.

"మంచిది. పెట్టుకో. కాని గిట్లనే పెట్టాలె. ఒక్కటి తగ్గొద్దు."

చూశారా నా శిక్ష! మెస్సయితే వచ్చింది. కానీ వదిన జనగామ నుంచి వచ్చినప్పుడల్లా ముందు గదిలో చాప మీద కూర్చుని తనిఖీ చేసేది. "నెయ్యి గిన్నేది? ఆ ఇంట్ల గిన్నెతోని పోసిన్రు. పిల్లగాళ్లను మారు అడిగినవా?" ఊరంతా మెస్సులు అన్నం, పప్పుతో నడుస్తుంటే, నేను ఆదివారం వచ్చిందంటే పెళ్లి వంట వండేదాన్ని. మా మెస్సు పిల్లలు నా అదృష్టం ఏమిటో పరీక్షలు పాసైనా అశోక్‌నగర్ వదిలేవారు కాదు. వాళ్లలో కొందరు గిన్నెలు సర్దాక నన్ను కూర్చోబెట్టి, పలక మీద ఓనమాలు దిద్దించారు. ఆ అక్షరాలతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఏళ్లు గడిచాక, ఒకనాడు నేనూ వదినా బక్షాలకు పిండి పిసుకుతుంటే నాకు మనసాగలేదు. నిజం చెప్పేద్దామని, "వదినా, ఆనాడు మనం పోయింది..." అని నసిగాను.

"ఒడిబియ్యం బంతికి" అంది వదిన, పిండి మీంచి చూపు తీయకుండా.

నా చేతిలోంచి ముద్ద జారిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

"గడపల కాలు పెట్టంగనే. పీట మీద పిల్ల గంత కొట్టొచ్చినట్టు కూసుంటే కనవడదా?"

"మరి చెప్పవా? నా ఇజ్జత్ పాయె కదా!"

"ఎట్ల చెప్త? నేను నోరు తెరిచేసరికి ఆకుల బక్షం పడె." వదిన చెయ్యి తుడుచుకుని మొదటిసారి నా వైపు చూసి నవ్వింది. "అయినా, పెట్టే ఇల్లేదో, అమ్మే ఇల్లేదో తేడా తెల్వకుండ కూసున్నవు చూడు. గప్పుడే అనుకున్న. ఈ పిచ్చిది అమ్మినా పెట్టినట్టే ఉంటది, పెట్టుకోనీ అని."

కనుక, చదివే మీ అందరి సాక్షిగా, పొయ్యిలోని నిప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చెప్పులు చూసి ఏ గడపా తొక్కను. అక్షరం వచ్చింది కదా, బోర్డు కూడబలుక్కుని మరీ చదువుతాను. బోర్డు లేకపోతే పీట మీద ఎవరైనా ఉన్నారేమో చూస్తాను. ఉంటే మాత్రం, నోట్లు కొంగులోంచి తీయకుండా, బుద్ధిగా కాళ్లు కడుక్కుని, బంతిలో కూర్చుంటాను.