కాకూ కుట్టిన ఎర్ర లంగా

కొత్త నూలు బట్టను బకెట్లో ముంచగానే గంజి వాసన గుప్పున లేస్తుంది. కోసే ముందు బట్ట తడపడం ఇప్పుడెవరూ చెయ్యరట, నాది చాదస్తమట. అననీ. ఆ వాసన తగిలితే చాలు, ఆదిలాబాదులో మా పక్కింటి అరుగు, దాని మీద కుట్టు మిషను, ముక్కు చివరికి జారిన కళ్లజోడుతో సుభద్రాబాయి, అన్నీ కళ్లముందుకు వస్తాయి. ఆమె మరాఠీ మనిషి. పిన్నమ్మను పిలిచినట్టు వాడంతా ఆమెను కాకూ అనేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను గింజనూ దూదినీ వేరుచేసే జిన్నింగు మిల్లులో పత్తి ఏరేదాన్ని. నా భర్త జ్వరంతో పోయాక మూడేళ్ల సరోజను వెంటబెట్టుకునే పనికి పోయేదాన్ని. అక్కడ గాలి నిండా దూదే. పిల్లకు దగ్గు పట్టుకుంది. ఇంట్లో వదిలిపెడదామంటే చూసే దిక్కు లేదు. ఇచ్చోడ నుంచి మా బావగారు, నా భర్త అన్న, వచ్చి చూసి తేల్చేశాడు. “గా దూదిల పిల్ల బతుకది. నువ్వు మిల్లు ఇడుస్తలేవు. ఉగాది దాటినంక వచ్చి మా ఇంటికి తీస్కపోత.” ఆయన చెడ్డవాడు కాదు, అన్నది అబద్ధమూ కాదు.

ఆ సాయంత్రమే కాకూ అరుగెక్కాను.

“కాకూ, ఇంటిపట్టున ఉండి చేసే పని నాకు గిదొక్కటే కనవడ్తుంది. నేర్పవా?”

“మిల్లు ఇడిసిపెడ్తవా?”

“గిప్పుడే ఇడిస్తే తినుడెట్ల? పొద్దుమీకి వస్త.”

“రా మరి. మిషను ముట్టకు. ముందు కుట్లు పీకు.”

మిల్లులో నడుము విరిగేలా పనిచేసి వచ్చి పాత రవికల కుట్లు ఒక్కొక్కటే పీకేదాన్ని. ఆ ముక్కల్ని మళ్లీ చేత్తో కుట్టాలి. ఒళ్లు మండేది. “కుట్టుడు నేర్పుమంటే పీకుడు నేర్పుతున్నవేంది?” అని ఒకసారి అడిగేశాను కూడా. కాకూ నవ్వి పాన్ నమిలింది. సరోజ మాత్రం మిషను కింద కూర్చుని పేలికలతో బొమ్మలు చేసుకునేది.

చలికాలం పోయేనాటికి మిషను నా చేతికిచ్చింది. మొదటిది పటేలు కోడలి రవిక. ఆడవాళ్లు ఒంటి కొలతలు ఇచ్చేవాళ్లు కాదు, ‘ఆది’ కోసం పాత రవిక పంపేవాళ్లు. ఆ ఆదిని పరిచి వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. కుట్టు లోపల మిగిలిన బట్ట వికారంగా ఉందని కత్తిరించి పారేశాను. ఎంత మురిసిపోయానో!

మర్నాడు ఆమె వచ్చి రవికను అరుగు మీద విసిరికొట్టింది. “గిది నాకా, నా బిడ్డకా? గుండీ పడ్తలేదు.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉగాది దగ్గరకొచ్చింది. ఈ మాట వాడలో పాకితే నాకు బట్ట ఎవరిస్తారు? సరోజ చెయ్యి జారిపోయినట్టే అనుకున్నాను.

కాకూ రవికను తిరగేసింది. “ఆది పెండ్లినాటిది. గిప్పుడు ఆమె సంకల పాలు తాగే పిల్ల ఉన్నది. నువ్వు రవికను చూసినవు, మనిషిని చూడలే. లోపల జర బట్టన్న ఉంచొద్దా? వదులు చేద్దామంటే ఏమున్నది గీడ?”

నేను ఏడ్చేశాను.

“ఏడ్సుడు తర్వాత. కోసిన పేలికలేవి?”

అవి సరోజ బొమ్మకు చీరలై ఉన్నాయి. పిల్లను బతిమాలి తీసుకుని, చంకల కింద పట్టీలు వేశాం. పటేలు కోడలు తొడుక్కుని చేతులు పైకెత్తి చూసుకుంది. “గిప్పుడు పానం నిమ్మలంగున్నది. ఇంకోటి గిట్లనే కుట్టు” అంది.

ఉగాది దాటాక బావగారు వచ్చాడు. అప్పటికి మిల్లు మానేశాను. మిషను మీద పొద్దున కాకూ, మధ్యాహ్నం నేను. “దినాం పని దొరుకుతదా?” అన్నాడు అనుమానంగా.

కాకూ తలెత్తలేదు. “దొరకకపోతే నా పనిల సగమిస్త. నువ్వొచ్చినసంది పిల్ల దగ్గిందా?”

ఆయన సరోజను కాసేపు చూశాడు. చాయ్ తాగి ఒక్కడే బస్సెక్కాడు.

అప్పుడు కాకూ పెట్టెలోంచి ఎర్ర లంగా తీసి సరోజకు తొడిగింది. అంచు పైన ఒకదాని మీద ఒకటి మడతలే.

“గిన్ని మడతలేంది కాకూ?”

“పిల్ల పెరుగదా? ఏటా ఒకటి ఇప్పు.”

“ఎప్పుడు కుట్టినవు?”

“నువ్వు నా అరుగెక్కిన వారమే.”

ఏటా ఒకటి విప్పాను. ఆఖరి మడత విప్పేనాటికి కాకూ లేదు. లంగా అంతా వెలిసిపోయింది గాని, ఆ మడతలోని బట్ట మాత్రం కొన్ననాటిలా ఎర్రగా ఉంది. చూసి వెక్కివెక్కి ఏడ్చాను. రవిక కోయడం కూడా నాకు రాని రోజుల్లోనే, నా పిల్ల నా దగ్గరే పెరుగుతుందని ఆమె నమ్మి కుట్టింది.

ఎవరి రవికైనా నేను లోపల రెండు వేళ్ల బట్ట వదిలే కుడతాను. దళసరిగా ఉందని విసుక్కుంటారు. విసుక్కోనీ.