గిద్యోను దాచుకున్న వలల పటం

సూళ్లూరుపేట స్టేషన్ దారిలో గిద్యోనుకు బైండింగ్ కొట్టుంది. నలభై ఏళ్ల పని. చర్చి రిజిస్టర్లు, బడి పుస్తకాలు, ఆయన సూది దిగనిది ఆ ఊళ్లో తక్కువ. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. బైండరు పేరు ఎవరు వేస్తారు?

అందుకే, దేశమంతటికీ కలిపి కడుతున్న డిజిటల్ గ్రంథాలయం కోసం పాత పుస్తకాలు స్కాన్ చేసేవాళ్లు ఊళ్లోకి వచ్చారనీ, పుస్తకం ఇచ్చినవారి పేరు తెరమీద ఎప్పటికీ ఉంటుందనీ వినగానే ఆయన ట్రంకుపెట్టె తెరిచాడు. పులికాట్ సరస్సు చేపల వలల మీద ఎనభై ఏళ్ల కిందట ఒక బడిపంతులు అచ్చు వేయించిన పుస్తకం తీసుకుని వెళ్లాడు. స్కానింగ్ చూసే అబిగయీలు తల అడ్డంగా ఊపింది. ఒక పుస్తకానికి ఒక ప్రతే తీసుకుంటారట. చేపల వ్యాపారి రమణయ్య ముందురోజే తనది ఇచ్చి వెళ్లాడట.

విజ్ఞానం అందరి సొత్తని సభల్లో చెప్పడం తేలిక. గిద్యోనుకు కడుపు మండింది. ఒక్క పుస్తకం చివరిదాకా చదివి ఎరగని రమణయ్య పేరు ఇక ఢిల్లీలోనూ కనబడుతుంది, దిబ్రూగఢ్‌లోనూ కనబడుతుంది! రోజూ కొట్టు తెరవగానే ఫోన్లో ఆ పుస్తకం తీసి ఎంతమంది చూశారో చూసేవాడు. పదకొండు. పదిహేడు. అందులో సగం తానేనని తట్టలేదు.

తప్పు దొరక్కపోతుందా అని పేజీ పేజీ వెతికాడు. అరవై నాలుగో పేజీ తర్వాత ఉండాల్సిన మడత పటం లేదు. ఎలా ఉంటుంది? పన్నెండేళ్ల కిందట రమణయ్య ఆ పుస్తకం బైండింగుకు ఇస్తే, తన ప్రతిలోది చిరిగిపోయిందని గిద్యోనే రమణయ్య పుస్తకంలోని పటం విప్పి తనదాంట్లో కుట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకు గుర్తుంది. రమణయ్యకు తెలియదన్నదీ గుర్తుంది.

మరునాడే తన పుస్తకంలోంచి పటం విప్పి పట్టుకెళ్లాడు. రమణయ్యది కుంటి పుస్తకమనీ, నిండు ప్రతి తనదేననీ చెప్పాడు. అబిగయీలు సంబరపడి, పటం ఇచ్చినవారి పేరు విడిగా వేస్తానంది. గాజుపలక మీద దాన్ని పరిచి, మాసిపోయిన గీతలు తెలియడానికి కింది దీపం వేసింది. పటం చిరగకుండా వెనక గిద్యోను అతికించిన పల్చటి కాగితం ఆ వెలుతురుకు అద్దమైపోయింది. లోపల నీలిసిరా సంతకం.

"అంకుల్, కామాక్షయ్య అని ఉండాది. రమణయ్య గారి పుస్తకం మొదటి పేజీలో ఉండే సంతకమే కదా ఇది?"

కామాక్షయ్య రమణయ్య తండ్రి. గిద్యోను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బుకాయించడానికి రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ తన పేరు వేయించుకుంటే దాని పక్కనే ఆ సంతకం, దేశమంతా చూసేలా.

"ఆయన పుస్తకంలోదే. నేనే తీసినాను," అన్నాడు.

అబిగయీలు కింది దీపం ఆర్పింది. అయితే పటానికీ రమణయ్య పేరే వెయ్యాల్సి వస్తుందని మెల్లగా చెప్పి, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. గిద్యోను తెర వైపు వంగి, పడుతున్న ఒక్కొక్క అక్షరమూ చూశాడు.

"పేరు చాలు కదమ్మా," అన్నాడు. "గారు కూడా ఎందుకు?"