నేను అడగని పేరు

కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు వింటే నా కుడికాలు ఇప్పటికీ దానంతటదే కదులుతుంది. మొన్న రెజిమెంటల్ బజార్‌లో ఒక దర్జీ దుకాణంలో జాకెట్లు కుట్టడానికి ఇస్తున్నప్పుడూ అంతే. దర్జీ మిషన్ ఆపి, పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా "పేరు చెప్పండి మేడం" అన్నాడు. నలభై అయిదేళ్ళు దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా ఆ మూడు మాటలకు అరచేతుల్లో చెమట పట్టింది. ఆ చప్పుడూ ఆ ప్రశ్నా ఒకేచోట చెవిన పడేసరికి యాదగిరి సార్ కళ్ళముందు నిలబడ్డారు.

నాకు నత్తి. అందరూ అనుకునేట్టు అది అన్ని అక్షరాలకూ రాదు. నాకు 'ప' దగ్గర గొంతు బిగుసుకుపోతుంది. నా పేరేమో పార్వతి. ఆ పేరు పెట్టిన మా నాయనమ్మను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. కష్టమైన మాట వస్తోందని నాలుగు మాటల ముందే నాకు తెలిసిపోతుంది. వెంటనే పక్కకు తప్పుకుని ఇంకో మాట పట్టుకుంటాను. పాలు కావలసి వచ్చి టీ అడిగి తాగిన రోజులున్నాయి. పేరును మాత్రం అలా తప్పించుకోలేం కదా. మాది శ్రీకాకుళం నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డ కుటుంబం. ఎవరైనా నా పేరడిగితే మా అమ్మ ముందుకొచ్చి "నువ్వూరుకోయే, నాను సెప్తాను" అనేది. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నా పేరు మా అమ్మే చెప్పింది.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసిన రోజులవి. విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేసే ఆఫీసులు సికింద్రాబాద్‌లో సందుకొకటి పుట్టుకొచ్చాయి. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలికింద కుట్టుమిషన్‌కున్నట్టు పెడల్. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. నోటితో పనిలేని ఉద్యోగమని విని ఎగిరి గంతేశాను. టైపింగ్ పరీక్ష గట్టెక్కాను. గట్టెక్కినవాళ్ళ లైను చివర యాభై ఏళ్ళు దాటిన మనిషి ఒకరు బల్ల ముందు కూర్చుని పేర్లు రాసుకుంటున్నారు. ఆయనే మా సూపర్‌వైజర్ యాదగిరి సార్. "నీ పేరేంది తల్లీ?" అన్నారు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. పక్కన అమ్మ లేదు.

"లక్ష్మి" అన్నాను.

అన్నాక నాకే మతిపోయింది. దిద్దుకోవాలంటే మళ్ళీ ఆ పేరే పలకాలి. ఆయన రాసేసుకుని "రేపట్నుంచి రా లక్ష్మి" అన్నారు. పదిహేను రోజులు లక్ష్మిగానే బతికాను. ఎవరైనా పిలిస్తే నన్ను కాదనుకుని పలికేదాన్ని కాదు. దాంతో ఆఫీసులో నాకు పొగరుబోతునని పేరొచ్చింది.

పదహారో రోజు సర్టిఫికెట్లు అడిగారు. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాల్లో చేరినవాళ్ళ గురించి అప్పట్లో సిటీ బస్సుల్లో కూడా చెప్పుకునేవారు. ఉద్యోగాల కాగితాలు చూసే అమ్మాయి నావి తిరగేసి, హాలంతా వినబడేట్టు "ఎవరీ పార్వతి? వేరేవాళ్ళ సర్టిఫికెట్స్ పట్టుకొచ్చినవా? పోలీస్ కేస్ అయితది, తెలుసా?" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బయటపడడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటే రావడం లేదు. "ప... ప..." అంటూ నిలబడ్డాను. కళ్ళు మూసుకుపోతున్నాయి, మెడనరాలు లాగుతున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. "పర్మిషనా? ప్రాబ్లమా?" అని ఆ అమ్మాయి మాటలు అందించడం మొదలుపెట్టింది.

యాదగిరి సార్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నువ్వు అందియ్యకు. ఆమె మాట ఆమెను చెప్పనియ్యి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పు తల్లీ. నాకేం జల్దీ లేదు" అన్నారు.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆయన గడియారం చూడలేదు, నేల చూడలేదు. చివరికి చెప్పాను. ఆయన పుస్తకంలో లక్ష్మిని కొట్టేసి, "పేరు నేనే తప్పు రాసిన. నా మిస్టేక్" అన్నారు. నిర్ఘాంతపోయాను. పదిహేను రోజుల పరిచయానికి, అంతమంది ముందు ఒక పెద్దమనిషి నాకోసం అబద్ధమాడారు.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "ఎన్నేండ్ల సంది గిట్ల ఒక మాట తప్పించి ఇంకో మాట చెప్తున్నవ్?" అని అడిగారు. నత్తి ఉందా అని అడగలేదు. ఆ తప్పించుకోవడం గురించి అడిగారు. అది నాలాంటివాళ్ళకు తప్ప తెలియని కిటుకు. ఆయనకెలా తెలుసన్న ఆలోచన నా మట్టిబుర్రకు తట్టనేలేదు. "రేపట్నుంచి పొద్దుగాల రాంగనే నా దగ్గరికొచ్చి నీ పేరు చెప్పు. చెప్పినంకనే హెడ్‌ఫోన్ పెట్టుకో. ఎంతసేపైనా సరే" అన్నారు.

కొన్నాళ్ళు అది శిక్షలాగే ఉండేది. మెట్టుగూడలో బస్సెక్కిన దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ పేరు వల్లించుకునేదాన్ని. ఒకరోజు చిటికెలో వచ్చేసేది, మర్నాడు అయిదు నిమిషాలైనా వచ్చేది కాదు. ఎలా చెప్పినా ఆయన ఒకటే అనేవారు: "మంచిది పార్వతమ్మా. పో, పని షురూ చెయ్యి." బాగా చెప్పావని ఒక్కసారీ మెచ్చుకోలేదు. నాకు ఉక్రోషం వచ్చేది. నత్తి పోలేదు, ఇప్పటికీ పోలేదు. కానీ బస్సులో వల్లించుకోవడం మెల్లగా తగ్గింది. ఎప్పుడు తగ్గిందో గమనించుకోనేలేదు.

ఎనిమిది నెలలయ్యాక ఆయన సెలవు పెట్టారు. గుండె జబ్బన్నారు. వారం తిరక్కుండానే పోయారన్న కబురొచ్చింది. నమ్మలేక, అడ్రసు పట్టుకుని అల్వాల్ వెళ్ళాను. ఇంటిముందు ఫ్లెక్సీ కట్టారు. ఫోటో ఆయనదే. కింద పేరు బాలకిషన్ అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి పేరైనా సరిగ్గా వేయించలేరా అనుకుంటూ లోపలికి వెళ్ళి, ఆయన భార్యతోనే అనేశాను, కోపంలో 'ప' కూడా అడ్డు రాలేదు: "అమ్మా, ఫ్లెక్సీ మీద యాదగిరి సార్ పేరు తప్పు పడింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తప్పు కాదు బిడ్డా. ఆయన పేరు బాలకిషనే. 'బ' నోట్ల తిరగకపోయేది. బడిల సారు గోడకు నిలవెట్టి, పేరు చెప్పు చెప్పు అని కొట్టేదట. అప్పటిసంది ఎవలడిగినా యాదగిరి అనుడే. లగ్గం పత్రికల పేరు చూసి నేను సుత పరేషానైన."

నేను అక్కడే చాపమీద కూర్చున్నాను.

"నీ పేరేంది?" అందామె. చెప్పడానికి నాకు సమయం పట్టింది. ఆమె కూడా ఆయనలాగే ఆగింది. పేరు వినగానే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా! రోజు ఆఫీసుకు పోయే ముందల అద్దం ముంగట నిలవడి ఆయన పేరు ఆయన చెప్పనీకె చూస్తుండె. గిదేందయ్యా అంటే, 'ఆడ ఒక పొల్ల రోజు చెప్తున్నది. ఆమెను చెప్పుమని నేను దాసుకుంటే ఎట్ల?' అంటుండె."

"చెప్పగలిగారా?" అన్నాను.

"ఒక్కసారి. మొన్న దవాఖానల చిట్టీ రాసే కాడ. నేను చెప్పబోతే చెయ్యి పట్టి ఆపిండు. ఎనక లైనంత ఒర్రుతున్నది. అయినా ఆగలే. బాలకిషన్ అని మొత్తం చెప్పిండు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ముప్పై ఏండ్ల కాపురంల ఆయన పేరు ఆయన నోట గదే ఇన్న."

బయటికొచ్చి ఫ్లెక్సీ మీది పేరు మళ్ళీ చదివాను. ఎనిమిది నెలలు ప్రతి పొద్దునా నా పేరు చెప్పి, తల వంచుకుని నా సీటుకు వెళ్ళిపోయాను. ఒక్కనాడైనా "మరి మీ పేరు చెప్పండి సార్" అని ఉంటే? ఆయన తడబడితే ఆగడానికి ఆ ఆఫీసులో నాకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం, దుఃఖం కలిసి వస్తాయి.

దుకాణంలో దర్జీ పుస్తకం మీద పెన్ను ఆనించి కాచుకుని ఉన్నాడు. "ప..." దగ్గర ఆగిపోయాను. "పద్మనా? పుష్పనా?" అన్నాడు.

"ఆగండి. నేనే చెప్తాను" అన్నాను. చెప్పాను. రాసుకున్నాడు. రసీదు చింపి ఇచ్చాక కూడా నేను కదల్లేదు.

"మీ ప... పేరు?" అని అడిగాను.

దర్జీ మొదటిసారి తలెత్తి చూశాడు. "నా పేరా?" అన్నాడు.

"ఆఁ. చెప్పండి. నాకేం తొందర లేదు."