ఎప్పుడూ ఒకటికే ఎందుకొస్తుంది?

రసాల మామిడిపళ్ల పెట్టె తెరిచాను. గడ్డి వాసనకి ఇవాళ్టికీ అరచేయి చురుక్కుమంది.

ముసునూరు ట్యూషన్ బ్యాచ్, గుర్తుందా? గడ్డిలో మాగేసిన తన కాయలు మనచేత తిరగేయిస్తూ మాస్టారు లెక్క చెప్పేవాడు. "ఏదో ఒక అంకె అనుకోండి. సరిసంఖ్యయితే సగం చేయండి. బేసయితే మూడింతలు చేసి ఒకటి కలపండి. అలా చేసుకుంటూ పోతే చివరికి ఒకటే వస్తుంది."

ఐదుతో మొదలెట్టాను. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఏడుతో చేసినా అంతే.

"ఎప్పుడూ ఒకటికే ఎందుకొస్తుందండీ?" అన్నాను.

"ఆ మాత్రం తెలీదా? బుర్రలో ఏముందే నీకు?" అని అరచేతిలో బెత్తంతో నాలుగు వడ్డించాడు. ఆ తర్వాత ఏ క్లాసులోనూ నేను నోరెత్తి 'ఎందుకు' అనలేదు.

ఇందాక మా అమ్మాయి ఫోన్‌లో అదే లెక్క చూపించింది. ఎప్పుడూ ఒకటికే ఎందుకొస్తుందో ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేకపోయారట.

మాస్టారూ, "నాకూ తెలీదమ్మా" అని ఉంటే మీ సొమ్మేం పోయేది?